రోమన్ రోడ్డు అన్నారు, తీరా వెళ్తే గడ్డి! పెడ్డర్స్ వే వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పీటర్‌బరో_పంతులు
మొన్న శనివారం జరిగింది చెప్తా, నవ్వకండి. గుంటూరు నుంచి అమ్మానాన్న ఇంగ్లాండు వచ్చి నెల అయింది. నాన్న రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ కారులో కూర్చుని మోటార్‌వే పక్క రైలింగులు, డ్రెయిన్లు చూస్తుంటారు తప్ప కోటలూ, ప్యాలెస్‌లూ ఆయనకు పట్టవు. అందుకని నేనే ఊరించాను, పెడ్డర్స్ వే అని రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ రోడ్డు చూపిస్తానని.

గంటంబావు నడిపి నెట్టిషాల్ హీత్‌లో దిగాం. ఒక కర్ర స్తంభం, దాని మీద తెల్లటి ఓక్ కాయ బొమ్మ, ముందు ఒక కాలిబాట. అంతే. రాళ్ళు లేవు. బండి చక్రాల గాడులు లేవు. రోమన్ అనడానికి ఒక్క ఆనవాలు లేదు. చెట్లు, గడ్డి, బురద. అమ్మ చెప్పులు బురదలో కూరుకుపోయాయి. పిల్లలు అక్కడ మేస్తున్న పొట్టి గుర్రాలను చూసి సంబరపడ్డారు, అదొక్కటే లాభం. నాన్న అర కిలోమీటరు నడిచి, ఆగి, వెనక్కి చూసి, "ఇదా రోడ్డు? మన ఊరి డొంక దీనికన్నా నయం" అన్నారు. అప్పటి నుంచీ రోజూ భోజనాల దగ్గర ఇదే మాట.

నేను తప్పు చోటికి వెళ్ళానా, లేక అసలు సంగతే ఇంతా?

కడప_కారం
డొంక అనే మాట విని ఎన్నేళ్ళయిందో. పెద్దాయనకు దండం.

కేంబ్రిడ్జ్_కోడలు
మేం కూడా ఇలాగే మోసపోయాం పోయినేడు. మా ఆయన "రోమన్, రోమన్" అని ఒకటే గొడవ. ఏప్రిల్‌లో అక్కడికి చెప్పులతో ఎవరైనా వెళ్తారా అండీ? అత్తయ్యగారిని తీసుకెళ్తే ముందు కాళ్ళకు ఏమున్నాయో చూడాలి కదా.

పీటర్‌బరో_పంతులు
@కేంబ్రిడ్జ్_కోడలు బూట్లు కొన్నాను. "కొత్తవి, బురదలో పాడైపోతాయి" అని ఇంట్లోనే పెట్టి వచ్చింది అమ్మ.

నార్విచ్_నాని
చోటు తప్పు కాదు. మొదలుపెట్టిన చివర తప్పు. దారి మొత్తం 46 మైళ్ళు, అంటే 74 కిలోమీటర్లు. సఫోక్‌లో నెట్టిషాల్ హీత్ దగ్గర మొదలై, నార్ఫోక్ అంతా నిలువునా దాటి, ఉత్తరాన హోమ్ నెక్స్ట్ ద సీ అనే ఊరి దగ్గర సముద్రం చేరుతుంది. 1986లో దీన్ని నేషనల్ ట్రెయిల్‌గా, అంటే దూరాలు నడిచేవాళ్ళ కాలిబాటగా తెరిచారు. ఓక్ కాయ ఆ ట్రెయిల్స్ గుర్తు.

దక్షిణం వైపు చెట్ల మధ్య, వాగుల పక్క నడక. లిటిల్ ఊజ్, థెట్ అనే రెండు చిన్న నదుల మీద చెక్క వంతెనలు దాటతారు. నడవడానికి హాయిగా ఉంటుంది, కానీ అక్కడ రోడ్డును కళ్ళతో పట్టుకోవడం కష్టం. క్యాసిల్ ఏకర్ అనే ఊరు దాటాక ఉత్తరానికి వెళ్ళండి. అక్కడ గీత గీసినట్టు ఉంటుంది.

లెస్టర్_లచ్చి
గట్లయితే రాళ్ళు ఎక్కడ పోయినయన్నా? రోమన్ రోడ్డంటే పెద్ద పెద్ద రాతి పలకలు కదా ఫోటోలల్ల.

రోమ్_రాము
ఆ ఫోటోలు మా వైపువి. ఆప్పియా దారి. క్రీ.పూ. 312లో ఆప్పియస్ క్లాడియస్ మొదలుపెట్టించిన రోడ్డు. రోమ్ చుట్టుపక్కల అగ్నిపర్వతాల నల్లరాయి పుష్కలం, అందుకే పలకలు పరిచారు. 2024లో దానికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నేను ఆదివారాలు నడుస్తుంటాను. చెప్పొద్దూ, ఆ రాళ్ళ మీద గంట నడిస్తే మడమలు పచ్చడి. పక్కనే మట్టి అంచు ఉంటుంది, అందరూ దాని మీదే నడుస్తారు. కాబట్టి గడ్డి దొరికినందుకు సంతోషించండి.

రాళ్ళూ_రప్పలూ
@లెస్టర్_లచ్చి బ్రిటన్‌లో ఊళ్ళ బయట రోమన్ రోడ్లకు రాతి పలకలు పరవడం చాలా అరుదు. పద్ధతి ఇది: రెండు పక్కలా కాలువ తవ్వుతారు. ఆ మట్టి మధ్యలో పోసి కట్టలా లేపుతారు. దీన్ని అగ్గర్ అంటారు. దాని మీద దగ్గర్లో ఏది దొరికితే అది పరిచి దిమ్మిస కొడతారు. నార్ఫోక్‌లో కట్టడానికి పనికొచ్చే గట్టి రాయి దాదాపు లేదు. ఉన్నదల్లా సుద్ద నేల, అందులో చెకుముకి రాళ్ళు, పైన గులకరాళ్ళ గ్రావెల్. కాబట్టి అవే వేశారు. రెండు వేల ఏళ్ళలో మీద మట్టి పేరుకుని గడ్డి మొలిచింది. రోడ్డు ఎక్కడికీ పోలేదు, పంతులుగారు దాని మీదే నిలబడి రోడ్డేదీ అని అడిగారు.

కడప_కారం
సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

బురదబూట్లు
@రాళ్ళూ_రప్పలూ ఒక్క సవరణ. దక్షిణాన ట్రెయిల్ అంతా రోమన్ గీత మీద లేదు. లిటిల్ క్రెసింగ్‌హామ్ నుంచి పికెన్‌హామ్ దాకా తారు రోడ్డు పక్కన, పొలాల అంచున నడిపిస్తారు. నేను మూడు రోజుల్లో మొత్తం నడిచాను. నా లెక్కన రోడ్డు "కనిపించే" భాగం సగమే. మిగతా సగం నమ్మకం.

రాళ్ళూ_రప్పలూ
ఒప్పుకుంటున్నా. కానీ సగం తక్కువేం కాదు.

కేంబ్రిడ్జ్_కోడలు
అసలు అంత మారుమూలకు రోడ్డెందుకు వేసినట్టు? అటు చివర సముద్రం తప్ప ఏమీ లేదుగా. పెద్ద ఊరు కూడా కాదు.

నార్విచ్_నాని
బౌడికా కోసం. అంటే బౌడికా మీద భయంతో.

ఈ ప్రాంతం ఐసెనీ అనే తెగది. వాళ్ళ రాజు ప్రాసుటాగస్ రోమ్‌తో సంధి చేసుకుని బతికాడు. చనిపోయేటప్పుడు ఆస్తిని చక్రవర్తి నీరోకూ, తన ఇద్దరు కూతుళ్ళకూ కలిపి రాశాడు. రోమన్ అధికారులు వీలునామా పక్కన పడేసి రాజ్యం మొత్తం లాక్కున్నారు. అడ్డొచ్చిన రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్ళను చెరిచారు. క్రీ.శ. 60-61లో ఆమె సైన్యం లేచి కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ మూడూ తగలబెట్టింది. చివరికి ఓడిపోయింది. ఆ తర్వాత ఐసెనీ నేలను కాపలా కాయడానికి సైన్యం వేసిన రోడ్డు ఇదని ఎక్కువమంది చెప్పే మాట.

కడప_కారం
మగ వారసుడు లేడని రాజ్యం లాక్కోవడమా? ఇది డల్హౌసీ రాజ్య సంక్రమణ సిద్ధాంతం కాదూ! ఎనిమిదో తరగతి సోషల్‌లో బట్టీ పట్టాం. ఇంగ్లీషోళ్ళు తమ మీద జరిగిందే ఝాన్సీ మీద జరిపించారన్న మాట.

కేంబ్రిడ్జ్_కోడలు
పోలిక బాగుంది. ఇన్నాళ్ళూ ఆవిడ విగ్రహం లండన్‌లో బ్రిడ్జి పక్కన రథం మీద చూస్తూ, ఎవరో గ్రీకు దేవత అనుకున్నా.

లెస్టర్_లచ్చి
మన రుద్రమదేవి లెక్క.

కడప_కారం
రుద్రమ సింహాసనం మీద కూర్చుని పాలించింది అక్కా. ఈమెను సింహాసనం దగ్గరికే రానివ్వలేదు. ఝాన్సీయే దగ్గర.

రాళ్ళూ_రప్పలూ
@నార్విచ్_నాని "బౌడికా తర్వాత" అన్నది బలమైన ఊహే, నేను కాదనను. కానీ పూర్తిగా దాని మీద వాలిపోవద్దు. ఈ దారి పొడుగునా అంతకుముందు మనుషులు లేరనుకుంటే పొరపాటు. హార్ప్లీ దగ్గర బాట పక్కనే కంచుయుగపు సమాధి దిబ్బలున్నాయి. ఇక హోమ్ తీరంలో 1998లో ఇసుక కొట్టుకుపోయి ఓక్ దుంగల వలయం బయటపడింది. 55 దుంగలు గుండ్రంగా పాతారు, మధ్యలో ఒక పెద్ద చెట్టు మొద్దు, వేళ్ళు ఆకాశానికి. చెట్టు వలయాలు లెక్కపెట్టి ఆ దుంగలు క్రీ.పూ. 2049లో నరికినవని తేల్చారు. రోమన్లు వచ్చేనాటికే అది రెండు వేల ఏళ్ళ పాతది.

పీటర్‌బరో_పంతులు
వేళ్ళు ఆకాశానికా? అది చూపిస్తే నాన్న మాట్లాడటం మానేస్తారు. ఎక్కడుంది?

రాళ్ళూ_రప్పలూ
తీరంలో లేదు. తవ్వి తీసి శుద్ధి చేశారు. కింగ్స్ లిన్ ఊళ్ళో లిన్ మ్యూజియంలో ఉంది. మీకు దారే.

నార్విచ్_నాని
ఆ తవ్వడం మీద అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. ఉన్నచోటే ఉండనివ్వాలని స్థానికులు కొందరు అడ్డం కూర్చున్నారు. మా పొరుగింటి ముసలాయన ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఎర్రబడతాడు.

బురదబూట్లు
కోడలుగారి ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉంది. సముద్రం దగ్గర రోడ్డు ఆగిపోవడం లేదు, పడవ ఎక్కుతోంది అని. హోమ్ నుంచి వాష్ అఖాతం దాటితే అవతల లింకన్‌షైర్. అక్కడి నుంచి లింకన్‌కు ఇంకో రోమన్ దారి. మధ్యలో రేవు ఉండేదని కొందరి వాదన. ఎండ కాస్తున్న రోజున హోమ్ దగ్గర నిలబడి చూస్తే అవతలి గట్టు సన్నగా కనిపిస్తుంది, నాకైతే ఆ వాదన నచ్చింది.

రాళ్ళూ_రప్పలూ
నచ్చడం వేరు, దొరకడం వేరు. రేవు తాలూకు ఒక్క రాయి చూపించండి.

బురదబూట్లు
రాయి లేదని ఇందాక మీరే చెప్పారుగా నార్ఫోక్‌లో :)

లెస్టర్_లచ్చి
హహహ. రప్పలన్న దొరికిపోయిండు.

డాక్టర్_గారు_బిజీ
చరిత్ర బాగుంది. ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. ఇప్పటి నుంచి అక్టోబరు దాకా ఆ గడ్డిలో, ఆ అడవిలో పిడుదులు ఉంటాయి. మన ఊళ్ళో గేదెలకు పట్టేవే, వీటి సైజు ఇంకా చిన్నది, కొన్ని గసగసాలంత. కొన్నింటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. నిండు ప్యాంటు వేసి, అంచు సాక్సులోకి దోపండి. ఇంటికి వచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు అంచున చూడండి. పట్టుకుని ఉంటే చర్మానికి ఆనించి పట్టుకారుతో నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల పెట్టడం, నూనె రాయడం వద్దు. తర్వాత కొన్ని వారాల్లో గుండ్రంగా పాకే ఎర్ర మచ్చ వస్తే డాక్టరుకు చూపించండి. ఆ మచ్చ దురద పెట్టకపోవచ్చు, అందుకే చాలామంది పట్టించుకోరు.

కేంబ్రిడ్జ్_కోడలు
డాక్టరుగారు రాసింది చదివాక ఒళ్ళంతా పాకుతున్నట్టుంది.

డాక్టర్_గారు_బిజీ
టెన్షన్ వద్దు. చూసుకుంటే చాలు. నేనూ మా పిల్లలతో వెళ్తాను.

నార్విచ్_నాని
దక్షిణ భాగాన్ని మరీ తీసిపారేయకండి. అది బ్రెక్‌ల్యాండ్, ఇసుక నేల, ఇంగ్లాండులో పొడి ప్రాంతాల్లో ఒకటి. అక్కడికి వేసవిలో స్టోన్ కర్ల్యూ అనే పక్షి వస్తుంది. పొడుగు కాళ్ళు, పెద్ద పసుపు కళ్ళు. పగలు మట్టిలో కలిసిపోయి కూర్చుంటుంది, చీకటి పడ్డాక అరుస్తుంది. మన మెట్ట పొలాల్లో దీని చుట్టం ఉంటుంది, అదే కళ్ళు, అదే అరుపు. మొదటిసారి ఇక్కడ విన్నప్పుడు నాకు అనంతపురంలో మా తాతగారి కళ్ళం గుర్తొచ్చింది. ఇంకొంచెం ముందుకు థాంప్సన్ కామన్ దగ్గర పింగోలు, అంటే మంచుయుగంలో భూమిలో గడ్డకట్టిన మంచు కరిగి నేల కుంగి ఏర్పడ్డ గుంటలు, ఇప్పుడు చెరువులు. రోమన్ రోడ్డు వాటి ముందు నిన్నగాక మొన్నటిది.

లెస్టర్_లచ్చి
మేము ఒకసారి ఆ వైపు పోయినం, ఢాం ఢాం అని తుపాకులు. పిల్లలు భయపడ్డరు. ఎర్ర బోర్డులు కూడా ఉన్నయి. అదేంది?

బురదబూట్లు
అది స్టాన్‌ఫర్డ్ మిలిటరీ శిక్షణ ప్రాంతం. ట్రెయిల్ దాని అంచునే పోతుంది. బాట వదిలి లోపలికి అడుగు పెట్టొద్దు, నిజమైన గుళ్ళు. 1942లో యుద్ధం పేరు చెప్పి అక్కడి ఊళ్ళను ఖాళీ చేయించారు. టోటింగ్టన్, స్టాన్‌ఫర్డ్, వెస్ట్ టాఫ్ట్స్ లాంటివి. యుద్ధం అయ్యాక వెనక్కి రావచ్చని మాటిచ్చారు. రానివ్వలేదు. ఇళ్ళు పోయాయి, చర్చిలు కొన్ని కంచెల మధ్య అలాగే నిలబడి ఉన్నాయి.

తుంగభద్ర_తిమ్మన
నేను ఈ చర్చ ఊరికే చదువుతున్నా, ఇక్కడ ఆగిపోయాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. కూడవెల్లి సంగమేశ్వర గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు గానీ, ఇళ్ళను ఎవరు కడతారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మొండి గోడలు తేలేవి, అమ్మమ్మ గట్టు మీద కూర్చుని "అదుగో మన వాకిలి" అని చూపించేది. నాకు అన్ని గోడలూ ఒకేలా ఉండేవి. ఆ టోటింగ్టన్ వాళ్ళకు అలా చూపించే రోజు కూడా లేదేమో.

బురదబూట్లు
@తుంగభద్ర_తిమ్మన కొన్ని చర్చిల్లో అప్పుడప్పుడూ ప్రార్థనలకు అనుమతిస్తారు. ఆ రోజు పాత కుటుంబాల వాళ్ళు వస్తారు. అంతే.

మోడరేటర్
చర్చ బాగా సాగుతోంది. చిన్న మనవి: ఎవరి ఇంటి అడ్రసులూ, ఫోన్ నంబర్లూ ఇక్కడ పెట్టకండి, రెండు పోస్టులు తీసేశాను.

కడప_కారం
పంతులుగారి నాన్నగారి నంబరు అడిగింది నేనే. ఆయనతో డొంకల గురించి మాట్లాడాలని.

కేంబ్రిడ్జ్_కోడలు
ఇంతకీ ఈ రోమన్లకూ మనకూ ఏమైనా సంబంధం ఉందా, లేక ఊరికే తిరుగుతున్నామా?

రాళ్ళూ_రప్పలూ
లేకేం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుండ దొరికింది. ఆగస్టస్, టైబీరియస్ కాలపువి. ఇక్కడ దండు రోడ్డు వేయడానికి కొన్ని దశాబ్దాల ముందు కొట్టిన నాణేలు అక్కడ మన కృష్ణా లోయలో ఉన్నాయన్న మాట. వ్యాపారంలో సరుకులకు ఇచ్చిన డబ్బు. ఇంకోటి, మీరు రోజూ వాడే "మైలు" కూడా వాళ్ళదే. మిల్లె పాస్సూస్ అంటే వెయ్యి అంగలు. ఒక కాలు లేచి మళ్ళీ అదే కాలు నేల మీద పడితే ఒక అంగ. వెయ్యి అంగలు దాదాపు 1,480 మీటర్లు.

లెస్టర్_లచ్చి
మాది నల్గొండనే! గీ ముచ్చట ఇన్నేండ్లు ఎవరు చెప్పలే.

పీటర్‌బరో_పంతులు
సరే, మళ్ళీ వెళ్తాం. అమ్మకు బూట్లు వేయించే పూచీ నాది. నానీ, ఎక్కడ దిగాలో చెప్పు. ఐదారు కిలోమీటర్లకు మించి నడవలేం.

నార్విచ్_నాని
గ్రేట్ మాసింగ్‌హామ్ ఊళ్ళో కారు పెట్టండి. ఊరి మధ్య పెద్ద పచ్చిక, చెరువులు, బాతులు ఉంటాయి, పిల్లలు అక్కడే ఉండిపోతామంటారు, బతిమాలి లాక్కెళ్ళండి. పడమటికి ఒక మైలు నడిస్తే పెడ్డర్స్ వే అడ్డం వస్తుంది. దాని మీద ఉత్తరానికి తిరగండి. టాయిలెట్ దారిలో లేదు, ముందే చూసుకోండి. తిరుగు ప్రయాణంలో క్యాసిల్ ఏకర్ చూడండి. 1090 ప్రాంతంలో కట్టిన మఠం శిథిలాలు, నార్మన్ కోట దిబ్బ ఉన్నాయి. దిబ్బ ఎక్కడానికి టికెట్ లేదు, మఠానికి ఉంది.

బురదబూట్లు
నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. ఆ వైపు నీడ లేదు, కొట్టు లేదు.

పీటర్‌బరో_పంతులు
(మూడు వారాల తర్వాత)

వెళ్ళొచ్చాం. అలసట ఇంకా తీరలేదు, అయినా రాస్తున్నా.

బాట మీదకి చేరగానే నానీ అన్న గీత కనిపించింది. రెండు పక్కలా తెల్లగా పూసిన ముళ్ళ పొదలు, మధ్యలో పచ్చటి దారి, ఎదురుగా ఒక మెరక ఎక్కి, దిగి, ఇంకో మెరక ఎక్కి, అంత దూరానా అదే గీత. పైన స్కైలార్కులు, కంటికి ఆనవు, పాట మాత్రం ఆగదు. నాన్న ముందు ఏమీ అనలేదు. చేతికర్రతో బాట మధ్యలో గుచ్చారు. కర్ర దిగలేదు. అంచున గుచ్చారు, జానెడు దిగింది. అంచు దాటి పొద మొదట్లో గుచ్చారు, ఇంకా దిగింది. వెనక్కి నాలుగు అడుగులు వేసి, వంగి, ఒక కన్ను మూసి చూశారు. "మధ్యలో ఎత్తు పెట్టి పక్కలకు వాలు ఇచ్చారు. కాంబర్ ఇంకా నిలబడే ఉందిరా" అన్నారు.

తర్వాత ఇక మమ్మల్ని నడవనివ్వలేదు. కట్ట పక్క పల్లం చూపించి ఇది సైడు కాలువ అని, ఇంకొంచెం ముందు గుంట చూపించి మట్టి ఇక్కడి నుంచి తీశారు, బారో పిట్ అని. ఒక చోట కుందేలు కట్టలోకి బొరియ తవ్వి, లోపలి సరుకు బయట పోసింది. సుద్ద పొడి, గోళీకాయంత గులకరాళ్ళు, విరిగిన చెకుముకి ముక్కలు, లోపల గాజులా నల్లగా, పైన తెల్లటి తోలు. నాన్న ఆ మట్టి ముందు గొంతుకు కూర్చుని, గుప్పెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశారు. నేను చిన్నప్పుడు సైటులో గ్రావెల్ లారీ వస్తే సరిగ్గా అలాగే చూసేవారు. "బాగా కుదించారు" అన్నారు. చెకుముకి ముక్క మనవడు జేబులో వేసుకోబోతే, "రోడ్డు మీద రాయి తీయకూడదు" అని తిరిగి బొరియ దగ్గర పెట్టించారు.

మావాడు వెయ్యి అంగలు లెక్కపెట్టాడు, బిగ్గరగా. ఫోనులో చూస్తే 1,100 మీటర్లు వచ్చింది. రోమన్ సైన్యంలో తీసుకోరని చెప్పాను. వాడు అలిగాడు.

కడప_కారం
లైకులు కొట్టడానికి వేలు చాలట్లేదు. డొంక మాట వెనక్కి తీసుకున్నారా మరి?

పీటర్‌బరో_పంతులు
లేదు. "డొంకే, కానీ ఇంజినీరు వేసిన డొంక" అన్నారు.

పులిహోర తింటూ ఒక ప్రశ్న వేశారు, నాకు జవాబు తెలీలేదు. ఇన్ని మైళ్ళు ఇంత తిన్నగా రోడ్డు ఎలా తీశారు, మధ్యలో పొలాలు అడ్డం రాలేదా, భూసేకరణ ఎవరు చేశారు అని. ఆయన సర్వీసులో రెండు ఎకరాల కేసు మీద పదకొండేళ్ళు కోర్టుకు తిరిగారు.

రాళ్ళూ_రప్పలూ
తిన్నగా తీయడం వరకు చెప్పగలను. గ్రోమా అనే పనిముట్టు వాడేవారు. కర్ర మీద అడ్డంగా నాలుగు చేతులు, చివర్ల నుంచి వేలాడే గుండ్లు. ఒక మెరక మీద నుంచి ఇంకో మెరక మీద గుర్తుకు గురి చూసి మధ్యలో కర్రలు పాతుకుంటూ పోతారు. మలుపులు సాధారణంగా మెరకల మీదే వస్తాయి, ఎందుకంటే కొత్త గురి అక్కడి నుంచే చూస్తారు.

నార్విచ్_నాని
భూసేకరణ సంగతి నేను చెప్తా. బౌడికా ఓడిపోయాక రోమన్ సేనాపతి పౌలినస్ ఈ నేలను నిప్పుతో, కత్తితో తుడిచాడు. పొలం నాది అని కోర్టుకెళ్ళే మనిషి మిగిలితే కదా.

పీటర్‌బరో_పంతులు
చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందుకే అంత తిన్నగా వచ్చింది" అన్నారు.

తుంగభద్ర_తిమ్మన
పెద్దాయన సరిగ్గా చెప్పారు.

కేంబ్రిడ్జ్_కోడలు
అత్తయ్యగారు ఏమన్నారు?

పీటర్‌బరో_పంతులు
బూట్లు హాయిగా ఉన్నాయట. ఇంట్లో కూడా వేసుకుని తిరుగుతోంది. పిడుదులు వెతికాం, ఒకటి నా మోకాలి వెనకే దొరికింది. డాక్టరుగారు చెప్పినట్టే తీశాను.

డాక్టర్_గారు_బిజీ
మంచిది. తేదీ రాసి పెట్టుకోండి. మచ్చ వస్తే చెప్పండి.

పీటర్‌బరో_పంతులు
ఇప్పుడు కొత్త గొడవ. నాన్న చివరి దాకా వెళ్ళాలంటున్నారు, సముద్రం దగ్గర రోడ్డు ఎలా ఆగిందో చూడాలట. వచ్చే ఆదివారం రింగ్‌స్టెడ్ నుంచి హోమ్ దాకా అనుకుంటున్నాం. తిరిగి కారు దగ్గరికి ఎలా?

బురదబూట్లు
రింగ్‌స్టెడ్ నుంచి హోమ్ తీరం పెద్ద దూరం కాదు. వచ్చిన దారినే వెనక్కి నడవచ్చు. లేదా ఒక కారు హోమ్‌లో, ఒకటి రింగ్‌స్టెడ్‌లో పెట్టుకుంటే సరి. నేను వస్తాను, నా కారు హోమ్‌లో పెడతా. రేవు సంగతి అంకుల్ అక్కడే తేల్చాలి.

రాళ్ళూ_రప్పలూ
అయితే నేనూ వస్తున్నా. ఒక్క వైపు వాదనే వింటే ఎలా.

లెస్టర్_లచ్చి
మేము నలుగురం. సకినాలు తెస్తం.

కడప_కారం
నేను కార్డిఫ్‌లో ఉన్నాను, ఐదు గంటల దారి. సకినాలు అంటున్నారు కాబట్టి ఆలోచిస్తా.

పీటర్‌బరో_పంతులు
నాన్న అడగమంటున్నారు, ఎవరి దగ్గరైనా 30 మీటర్ల టేపు ఉందా? కట్ట వెడల్పు మూడు చోట్ల కొలవాలట.

నార్విచ్_నాని
మా షెడ్డులో ఉంది. తెస్తా.